వంతు – వేగము: వ్యూహక్రీడలలో కాలము కథ

ఒక క్రొత్త ఆటను చూచినప్పుడు పావులెన్ని, గడులెన్ని, గెలుపెట్లు అని మొదట అడుగుదుము. ఆ ఆటలో కాలము ఎట్లు నడుచునని అడుగువారు తక్కువ. కాని ఆట స్వభావమును నిర్ణయించునది చాలవరకు ఆ ప్రశ్నయే. చదరంగములో ఒకరు ఎత్తు ఆలోచించుచుండగా రెండవవారు కదలక కూర్చుందురు. చెడుగుడులో అట్లు కూర్చున్నవాడు వెంటనే దొరికిపోవును. మొదటి విధమును వంతుల ఆట యనియు, రెండవ విధమును వాస్తవకాలపు ఆట యనియు ఈ వ్యాసములో పిలుతము. కంప్యూటరు ఆటలవారు వీనినే టర్న్-బేస్డ్ అనియు, రియల్-టైమ్ అనియు అందురు.

రాక్షసిబల్లులను, అనగా డైనోసారులను, పావులుగా పెట్టి ఒక వ్యూహక్రీడను కల్పింపవలెనన్నచో ఈ రెండింటిలో దేనిని ఎన్నుకొనవలెను? రెండును చేసినవారు కలరు. 1997లో వెలువడిన 'కేయాస్ ఐలాండ్' అను కంప్యూటరు ఆటలో రాక్షసిబల్లులు ఎవరి వంతు కొరకును ఆగవు. ఆటగాడు ఆలోచించుచుండగానే మీదపడును. 2008లో జపానులో వెలువడిన 'ఫాసిల్ ఫైటర్స్' అను ఆటలో శిలాజముల నుండి బ్రతికించిన జంతువులు వంతులవారీగా పోరాడును. రెండింటను పాత్రలు రాక్షసిబల్లులే. కాని కాలపు నియమము మారగానే ఒకటి చురుకుదనమునకు పరీక్ష అయినది, రెండవది ఆలోచనకు పరీక్ష అయినది.

ఈ భేదమును అర్థము చేసికొనుటకు తిరుపతి జిల్లా తూర్పు అంచున ఉన్న పులికాట్ సరస్సు తగిన చోటు. ప్రళయకావేరి అను పేరు కూడ గల ఈ ఉప్పునీటి సరస్సు మన దేశమున చిలుకా తరువాత పెద్దది. ఇందులో పెద్దభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొస తమిళనాడునను ఉన్నవి. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి కలదు. ఇక్కడి పక్షులు, జాలరులు, రాకెట్లు కాలముతో మూడు విధములుగా వ్యవహరించును. ఆ మూడు విధములును ఆటలలోను కలవు.

ప్రకృతిలో వంతు లేదు

శీతకాలమున పులికాట్ లోతు తక్కువ నీళ్లలో రాజహంసలనబడు ఫ్లెమింగోలు వేలకొలది మేతకు దిగును. సమీపమున నేలపట్టు చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. పక్షులు రెండు కాళ్లపై నడచిన మాంసాహారి రాక్షసిబల్లుల శాఖ నుండి పుట్టినవని శాస్త్రజ్ఞులు నేడు స్థిరముగా చెప్పుచున్నారు. ఆ విధముగా చూచినచో రాక్షసిబల్లుల వంశము పూర్తిగా అంతరింపలేదు. ప్రతి సంవత్సరము మన సరస్సునకు వచ్చుచునే యున్నది.

గూడబాతు తన ముక్కు సంచిని నీట ముంచినప్పుడు చేప తన వంతు వచ్చువరకు ఆగదు; ఆ క్షణముననే తప్పించుకొన చూచును. ప్రక్కనున్న పక్షులును ఆగవు. వేట, పరుగు, పోటీ అన్నియు ఒకే కాలమున జరుగును. ఆరున్నర కోట్ల సంవత్సరములకు పూర్వపు రాక్షసిబల్లుల వేటయు ఇట్లే జరిగియుండును. కాబట్టి ప్రకృతి వాస్తవకాలములోనే నడుచును. మరి వంతు ఎచ్చటి నుండి వచ్చినది? అది మనుష్యులు కల్పించిన ఏర్పాటు. ఎందుకు కల్పించిరో పాత ఆటలను చూచిన తెలియును.

పులిజూదములో పదునైదు మేకలు

మన పల్లెలలో పులిజూదము లేక పులి–మేక ఆట తెలియని వారుండరు. అరుగుల మీదను, పాత మండపముల రాతినేలల మీదను ఈ ఆట గీతలు నేటికిని కనిపించును. ప్రాంతమును బట్టి కొద్ది భేదములున్నను, తరచుగా ఆడు పద్ధతిలో త్రికోణాకారపు పటము మీద 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు ఉండును. మేకల ఆటగాడు తన మేకలను ఒక్కొక్కటిగా పటము మీద పెట్టును. అన్నియు పెట్టిన పిదపనే వానిని కదపవలెను. పులి మేకను దాటి అవతలి ఖాళీ కూడలికి దుమికినచో ఆ మేక చచ్చును. పులులు మూడును కదలలేకుండ చుట్టుముట్టినచో మేకలు గెలుచును.

ఇది వేటను గూర్చిన ఆట. కాని నిజమైన వేటకును దీనికిని ఎంత దూరమో చూడుడు. అడవిలో పులి కనబడినచో పదునైదు మేకలును ఒక్కసారి పరుగెత్తును. పటము మీద ఒక్క మేక మాత్రమే ఒక అడుగు జరుగును. మిగిలిన పదునాలుగును నిలిచి చూచుచుండును. ఇది ప్రకృతికి విరుద్ధము. అయినను ఈ విరుద్ధతలోనే ఆట బలమున్నది. బలహీనమైనవి అనేకము కలిసి, తొందరపడక, ఖాళీ విడువక నిలిచినచో బలమైన దానిని కట్టివేయగలవను సత్యము వంతుల వలననే కంటికి కనబడును.

ఇదే ఆటను వంతులు లేకుండ, ఎవరి చేయి వేగముగా ఆడిన వారిదే ఎత్తు అను నియమముతో ఆడినామనుకొందము. పులుల ఆటగాడు మూడు పావులను చూచుకొన్న చాలును. మేకల ఆటగాడు రెండు చేతులతో పదునైదింటిని కాపాడవలెను. అతడు చుట్టుముట్టు ఆలోచన చేయకముందే మేకలు సగము పోవును. మూడింటికి పదునైదు అను లెక్క వంతులకు సరిపోవునట్లు కుదిర్చినది. కాలపు నియమము మార్చినచో పావుల లెక్కయు మార్చవలెను. ఆటలు కల్పించువారు మొదట నేర్వవలసిన పాఠమిది.

చెడుగుడులో ఊపిరి

వంతుకును వాస్తవకాలమునకును నడుమ మార్గము లేదా? కలదు. దానికి చెడుగుడు మంచి ఉదాహరణము. కూతకు పోవుట వంతు ప్రకారమే జరుగును. ఒకసారి ఈ జట్టువాడు, మరియొకసారి ఆ జట్టువాడు. కాని కూతగాడు గీత దాటినది మొదలు అంతయు వాస్తవకాలమే. పట్టువారు ఏడుగురును ఒకేసారి కదలుదురు. ఈ వాస్తవకాలమునకు హద్దు కూతగాని ఊపిరి. ఊపిరి తెగినచో వంతు ముగిసినట్లే. గడియారము లేని కాలములో మనిషి ఛాతీయే గడియారముగా పనిచేసినది. నేటి పోటీలలో ఊపిరికి తోడు 30 సెకనుల గడువు కూడ పెట్టినారు.

వంతులోపల వేగము, వేగమునకు ఒక గడువు అను ఈ కూర్పు పల్లె పిల్లలకు తరతరములుగా తెలిసినదే. అదే కూర్పు మరియొక విధముగా చదరంగములో ప్రవేశించుటకు పందొమ్మిదవ శతాబ్దము వరకు ఆగవలసి వచ్చినది.

చదరంగమునకు గడియారము

చదరంగము మన దేశమున చతురంగముగా పుట్టి, ఆరవ శతాబ్దము నాటికి పారశీకము చేరి, అచ్చటి నుండి అరబ్బుల ద్వారా ఐరోపాకు పోయినది. అన్ని శతాబ్దములును ఆటగానికి ఎత్తు వేయుటకు కాలపరిమితి లేదు. 1851లో లండనులో జరిగిన అంతర్జాతీయ పోటీలోను అదే స్థితి. ఒక్కొక్క ఎత్తునకు చాలసేపు ఆలోచించి ఎదుటివానిని విసిగించువారి మీద ఆ పోటీలో ఫిర్యాదులు వచ్చినవి. వంతులోని లోపము అప్పుడు బయటపడినది. వంతు ఆలోచనకు రక్షణ. కాని హద్దు లేనిచో అదే ఎదుటివానికి శిక్ష.

1861లో ఆండర్సెన్, కోలిష్ అను ఆటగాండ్ర పోటీలో ఇసుక గడియారములు పెట్టిరి. 1883లో లండను పోటీలో మాంచెస్టరు నివాసి థామస్ బ్రైట్ విల్సన్ కల్పించిన జంట గడియారములను వాడిరి. ఒకటి నడచుచుండగా రెండవది ఆగును. ఎవరి ఆలోచన వారి ఖాతాలో పడును. 1980ల చివర అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్, ప్రతి ఎత్తు తరువాత కొన్ని సెకనులు కలుపు గడియారమును రూపొందించెను. గెలువదగిన ఆట కేవలము సెకనుల కొరతవలన పోకుండుటకు ఇది తోడ్పడినది.

నేటి ర్యాపిడ్ పోటీలలో ఒక్కొక్కరికి 15 నిమిషములు, ఎత్తునకు 10 సెకనులు చేర్పు ఇత్తురు. ఈ పద్ధతిలో మన కోనేరు హంపి 2019లోను, తిరిగి 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినది. ఆట అదే, పావులు అవే, వంతులును అవే. కాని గంటల తరబడి ఆడు ఆటకును, నిమిషములలో ఆడు ఆటకును వేరువేరు ప్రపంచ విజేతలుండుట చూచినచో, కాలము ఎంత తగ్గిన వంతుల ఆట అంతగా వాస్తవకాలపు ఆటకు దగ్గరగునని తెలియును.

వంతులో మరియొక చిక్కు కూడ కలదు: మొదటి వంతు ఎవరిది? చదరంగములో మొదట ఎత్తు వేయు తెల్లపావులవారికి కొంచెము లాభమున్నదని వేలకొలది ఆటల లెక్కలు చూపుచున్నవి. అందుచేతనే పోటీలలో రంగులను మార్చి మార్చి ఇత్తురు. ఈ చిక్కు పులికాట్ జాలరులకును ఎదురైనది. వారి పరిష్కారమును తరువాత చూతము.

రెండు నిమిషముల వంతు

యుద్ధమును ఆటగా నేర్పదలచిన ప్రష్యా సైనికులు ఈ సమస్యను మరొక దారిలో విప్పిరి. 1824లో రైస్విట్జ్ అను యువ సైనికాధికారి ప్రకటించిన యుద్ధక్రీడలో ఒక వంతు యుద్ధభూమిలోని రెండు నిమిషములకు సమానము. ఆ రెండు నిమిషములలో కాలిబంటు ఎంత దూరము నడుచునో, గుఱ్ఱము ఎంత దూరము పరుగెత్తునో అంతవరకే పావును జరుపవలెను. రెండు పక్షములును తమ ఆజ్ఞలను మధ్యవర్తికి ఇచ్చును. అతడు వానిని కలిపి ఫలితమును పటము మీద చూపును.

ఇందులో రెండు గొప్ప ఊహలున్నవి. మొదటిది, వంతును నిజమైన కాలపు ముక్కగా కొలుచుట. రెండవది, ఎత్తులను ఒకరి తరువాత ఒకరు వేయక, ఏకకాలమున వేయుట. 1959లో అమెరికాలో వెలువడిన 'డిప్లొమసీ' అను పటపు ఆట కూడ రెండవ ఊహను వాడుకొన్నది. అందు ఆటగాండ్రందరు ఆజ్ఞలను కాగితము మీద వ్రాసి ఒక్కసారి విప్పుదురు. ఆలోచనకు వ్యవధి దొరకును; మొదటి వంతు లాభము పోవును. వంతుల ఆట, వాస్తవకాలపు ఆట రెండే దారులని తలచువారు ఈ మూడవ దారిని మరువరాదు.

యంత్రము లోపలి రహస్యము

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ కథ వేగము పుంజుకొన్నది. 1950లో క్లాడ్ షానన్ కంప్యూటరుచే చదరంగము ఆడించు మార్గమును వివరించుచు ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించెను. యంత్రము ఎంతసేపు లెక్క వేసినను ఆట చెడదు గనుక నాటి మెల్లని యంత్రములకు వంతుల ఆట అనుకూలమైనది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ విద్యార్థులు 'స్పేస్‌వార్' అను ఆటను పూర్తిచేసిరి. అందు ఇద్దరు ఆటగాండ్ర అంతరిక్షనౌకలు తెరమీద ఒకేసారి కదలును. యంత్రము మనిషి చేతికి తక్షణము బదులు చెప్పగలుగుటచే వాస్తవకాలపు కంప్యూటరు ఆట సాధ్యమైనది.

వ్యూహక్రీడలలో ఈ రెండు మార్గములును దాదాపు ఒకే కాలమున స్థిరపడినవి. 1991లో సిడ్ మైయర్ బృందము వెలువరించిన 'సివిలిజేషన్' వంతుల ఆట. 1992లో వెస్ట్‌వుడ్ సంస్థ వెలువరించిన 'డ్యూన్ 2' వాస్తవకాలపు వ్యూహక్రీడలకు మాతృక. ఇక్కడ ఒక విశేషము కలదు. సివిలిజేషన్ ఆటను మైయర్ మొదట వాస్తవకాలములోనే తయారుచేసెను. ఆటగాడు చేయుటకంటె చూచుట ఎక్కువైనదని గ్రహించి దానిని వంతులలోనికి మార్చెను. దీనికి విరుద్ధముగా, 1996 చివర వెలువడిన 'డయాబ్లో' మొదట వంతుల ఆటగా ప్రారంభమై, తయారగుచుండగానే వాస్తవకాలములోనికి మారినది. మార్చి చూచినవారికి ఆ పోరాటము చేతికి చురుకుగా తగిలినది. ఇక వెనుకకు పోలేదు. ఒక పద్ధతి ఎల్లప్పుడు మేలైనదనుటకు వీలులేదని ఈ రెండు కథలును చెప్పుచున్నవి. రాజ్యమును నిర్మించు ఆటకు వంతు కుదిరినది. కత్తి దూయు ఆటకు వేగము కుదిరినది.

మరి వాస్తవకాలపు ఆటలో వంతు లేనే లేదా? యంత్రము లోపల చూచిన ఆశ్చర్యము కలుగును. కంప్యూటరు సెకనుకు 30 లేక 60 మారులు ఆటలోని ప్రతి వస్తువు స్థానమును లెక్కగట్టి తెరమీద చూపును. ప్రతి లెక్కయు ఒక చిన్న వంతు. సినిమాలో సెకనుకు 24 నిశ్చలచిత్రములు కదలికగా కనబడినట్లే, ఈ చిన్న వంతులు ఎడతెగని కాలముగా కనబడును. 1997లో వెలువడిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' ఆటను అనేకులు టెలిఫోను తీగల ద్వారా కలిసి ఆడుటకు, దాని కర్తలు కాలమును సుమారు సెకనులో ఐదవవంతు ముక్కలుగా కోసి, ఆటగాని ఆజ్ఞను రెండు ముక్కల తరువాత అమలు జరుపు ఏర్పాటు చేసిరి. అందరి యంత్రములును ఒకే అడుగు వేయుటకు అదియే మార్గము. కాబట్టి వాస్తవకాలమన్నది మనిషికి పట్టనంత చిన్నవైన వంతుల వరుస. రైస్విట్జ్ రెండు నిమిషముల ముక్కయు, కంప్యూటరు క్షణఖండమును ఒకే నిచ్చెనలోని మెట్లు.

యంత్రము మనిషితో తలపడినప్పుడు ఈ భేదము న్యాయమునకు సంబంధించిన ప్రశ్న అయినది. 1997లో డీప్ బ్లూ అను కంప్యూటరు చదరంగములో కాస్పరోవును ఓడించెను. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను చూడగలదు. అయినను పటము మీద కాస్పరోవు వలెనే వంతునకు ఒక్క ఎత్తే వేసినది. 2019లో డీప్‌మైండ్ సంస్థవారి ఆల్ఫాస్టార్ 'స్టార్‌క్రాఫ్ట్ 2' అను వాస్తవకాలపు ఆటలో మేటి ఆటగాండ్ర స్థాయి చేరినది. ఆ ప్రయోగములో యంత్రము నిమిషమునకు ఎన్ని ఆజ్ఞలు ఇయ్యవచ్చునో హద్దు పెట్టవలసి వచ్చినది. లేనిచో అది గెలిచినది బుద్ధిచేతనా, చేతి వేగముచేతనా అని తేల్చుట కష్టము. వంతుల ఆటలో ఆ హద్దు నియమములోనే ఇమిడియున్నది.

రాక్షసిబల్లి ఎంత వేగముగా నడచినది?

ఇక రాక్షసిబల్లుల ఆటకు వత్తము. వంతుల ఆటలో ఒక జంతువు వంతునకు రెండు గడులు, మరొకటి నాలుగు గడులు కదలునని వ్రాసిన చాలును. వాస్తవకాలపు ఆటలో ప్రతి జంతువునకును సెకనుకు ఇన్ని మీటర్లను వేగము చెప్పవలెను. అంతరించిన జంతువు వేగము ఎట్లు తెలియును?

1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు దీనికి ఒక సూత్రము ప్రకటించెను. రాతిగా మారిన అడుగుజాడలలో ఒకే పాదపు రెండు వరుస గుర్తుల నడుమ దూరమును కొలువవలెను. పాదపు గుర్తు పరిమాణమును బట్టి తుంటి ఎత్తును అంచనా కట్టవలెను. నేటి జంతువుల నడకనుండి తీసిన సూత్రములో ఈ రెండింటిని వేసిన వేగము వచ్చును. ఉదాహరణకు తుంటి ఎత్తు 2 మీటర్లు, గుర్తుల నడుమ దూరము 3 మీటర్లు అయినచో వేగము సెకనుకు సుమారు 2.2 మీటర్లు, అనగా గంటకు దాదాపు 8 కిలోమీటర్లు. మనిషి వడివడిగా నడచినదానికంటె కొంచెమే ఎక్కువ. అందుచేత సినిమాలలో మోటారు వాహనమును తరుము టైరనోసారస్‌ను శాస్త్రజ్ఞులు నమ్మరు. 2002లో హచిన్‌సన్, గార్సియా అను పరిశోధకులు దాని కాలి కండరములను లెక్కగట్టి, అంత పెద్ద శరీరముతో అట్టి పరుగు అసంభవమని చూపిరి.

తెలుగునేల మీదనే మనకు పావులు దొరకును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకల నుండి గుర్తింపబడిన కోటసారస్‌కు 1988లో భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన పి. యాదగిరి పేరుపెట్టెను. హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో దాని అస్థిపంజరమును చూడవచ్చును. అది పొడవైన మెడగల శాకాహారి. అదే కోట శిలలలో దొరికిన బారాపాసారస్ 1975లో నామకరణము పొందినది. ఇవి సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటివి. టైరనోసారస్ ఆరున్నర కోట్ల సంవత్సరముల నాటిది. కోటసారస్‌ను టైరనోసారస్ తరుమునట్లు ఆట కల్పించినచో వంతు తప్పినా, వేగము తప్పినా కలుగనంత పెద్ద పొరపాటు జరుగును: పదకొండు కోట్ల సంవత్సరముల పొరపాటు. ఉపాధ్యాయులు దీనిని ముందుగా సరిచూడవలెను.

పులికాట్ వలలకు వంతు

ఇంతవరకు చెప్పినది ఆట. ఆటలో ఓడినవాడు మరల ఆడవచ్చును. పులికాట్ జాలరికి అదే ప్రశ్న అన్నమునకు సంబంధించినది.

సరస్సులోనికి సముద్రపు పోటు వచ్చి పోవు ముఖద్వారముల దగ్గర రొయ్యలు నీటివాలుతో కదలును. వల వేయుటకు అనువైన తావులు కొన్నియే, జాలరులు అనేకులు. అందరును ఒకేసారి దిగినచో వలలు చిక్కుకొనును, కలహములు పుట్టును, పెద్ద పడవ, బలమైన జట్టు కలవాడు మంచి తావును పట్టుకొనును. సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు భాగమున, పట్టణవర్ జాలరుల కుప్పములు దీనికి పాడు అను ఏర్పాటు చేసికొన్నవి. ఇది మన తెలుగు 'పాడు' కాదు; వల వేయు తావునకును, దానిమీది వంతు హక్కునకును వారి పేరు. సభ్యులందరికిని తావులు వంతులవారీగా తిరుగును. ఎవరు ముందు, ఎవరు వెనుక అను ప్రశ్నకు చీట్లు సమాధానము చెప్పును. మంచి తావు నేడు ఒకనిదైనచో మరొకనాడు మరొకనిది. చదరంగపు మొదటి వంతు చిక్కునకు జాలరుల పరిష్కారమిదే.

ఇట్టి ఏర్పాట్లు మరికొన్ని తీరములందును కలవు. సింహళములోని నెగొంబో సరస్సునందు రొయ్యల వలలకు చీట్లతో వంతులు వేసికొందురు. తుర్కీలోని అలన్యా రేవు జాలరులు 1970లలో వల తావులన్నిటికి పేర్లుపెట్టి, సెప్టెంబరులో చీట్లు తీసి, ఆపైన ప్రతిదినము ఒక తావు చొప్పున తూర్పునకు జరుగుచు, జనవరి నుండి పడమరకు జరుగుచు వచ్చిరి. ఉమ్మడి వనరులను ప్రజలే నియమములతో కాపాడుకొనగలరని ఇట్టి ఉదాహరణలతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

వంతు లేని చేపలవేట ఎట్లుండునో తెలిసికొనవలెనన్నచో అలాస్కాకు పోవలెను. అచ్చట హాలిబట్ అను పెద్ద చేప కొరకు అందరును పోటీపడి వేటాడుటచే, ప్రభుత్వము వేటకాలమును కుదించుచు పోయినది. 1990ల ఆరంభమున అనేక ప్రాంతములలో సంవత్సరమునకు రెండు మూడు మారులు, ఒక్కొక్కమారు 24 గంటలు మాత్రమే వేట సాగినది. ఆ దినము తుపాను వచ్చినను పడవలు ఆగవు; ప్రమాదములు జరిగినవి; ఒక్కసారిగా వచ్చిన చేపకు ధర పడిపోయినది. 1995 నుండి ఒక్కొక్కరికి ఇంత భాగమని నిర్ణయించిన తరువాత ఆ పరుగు ఆగినది.

అయినను వంతును గుడ్డిగా మెచ్చుకొనరాదు. పాడు వరుసలో పేరున్నవారికే వంతు వచ్చును. సరస్సును నమ్ముకొన్న ఇతర కులములవారు ఆ వరుసకు వెలుపలనే ఉండిపోయిరని దీనిని పరిశీలించినవారు వ్రాసిరి. వంతుల ఆట లోపలివారికి న్యాయము చేయును. ఆటలో ఎవరిని చేర్చుకొందురను ప్రశ్న వేరుగా మిగిలిపోవును. ముఖద్వారములు ఇసుకతో పూడి రొయ్య తగ్గినప్పుడు ఆ ప్రశ్న మరింత పదునెక్కును. ఏలనన పంచుకొనుటకు వంతులున్నను పంచుకొనదగిన రొయ్య తక్కువగును.

శ్రీహరికోటలో ఆగు కాలము

సరస్సునకు తూర్పున ఉన్న శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు లేచినది. రాకెట్టును పంపుటకు ముందు లెక్కను వెనుకకు పెట్టుదురు. ఈ లెక్క వాస్తవకాలమే. గడియారము ఎవరి కొరకును ఆగదు. కాని అవసరమైనచో మనిషి గాని యంత్రము గాని దానిని ఆపవచ్చును. 2019 జులై 15న చంద్రయాన్-2 లెక్కను ఇంక 56 నిమిషములుండగా ఆపి, లోపమును సరిదిద్ది, జులై 22న పంపిరి. 2023 అక్టోబరు 21న గగనయాన్ పరీక్షావాహనపు లెక్కను ఇంక 5 సెకనులుండగా యంత్రమే ఆపినది. కారణము కనుగొని అదే ఉదయము దానిని ప్రయోగించిరి. కొన్ని కంప్యూటరు ఆటలలో పోరు వాస్తవకాలమున నడచుచున్నను ఆటగాడు మీట నొక్కి కాలమును ఆపి ఆజ్ఞలిచ్చు ఏర్పాటు కలదు. అది శ్రీహరికోట పద్ధతికి దగ్గర బంధువు.

ఆపలేని ఘట్టమును కలదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు భూమినుండి సంకేతము చేరుటకే సుమారు 1.3 సెకనులు పట్టును. తిరిగి వచ్చుటకు మరల అంతే. ఆ చివరి నిమిషములలో మనిషికి వంతు లేదు. ముందుగా తీరికతో ఆలోచించి వ్రాసిన ఆజ్ఞలను బట్టి యంత్రమే క్షణక్షణమును నిర్ణయించుకొని దిగినది. తీరికగా ఆలోచించిన వంతు ఫలితమే వేగముగా నడచిన ఆ కాలములో పనికివచ్చినది.

తరగతి గదిలో పరీక్ష

ఈ విషయమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. సుద్దతో పులిజూదపు పటము గీసి, పులులకు మారుగా మూడు మాంసాహారి బల్లులను, మేకలకు మారుగా పదునైదు శాకాహారి బల్లులను పెట్టుడు. ఇవి ఒకే కాలమునకు చెందినవై యుండవలెను. మొదట మామూలు వంతులతో పది ఆటలు ఆడుడు. తరువాత ఇరుపక్షములును ఎత్తును కాగితముపై వ్రాసి ఒకేసారి విప్పు పద్ధతిలో పది ఆటలు, ఆ పిమ్మట ఎత్తునకు మూడు సెకనుల గడువుతో పది ఆటలు ఆడుడు. రెండు పక్షములును ఒకే కూడలికి వచ్చినచో ఏమి చేయవలెనో ముందే నిర్ణయించుకొనుడు. ఏ పద్ధతిలో ఏ పక్షము ఎన్నిసార్లు గెలిచినదో పట్టికలో వ్రాయుడు. గెలుపు లెక్కలు మారినచో మారినది జంతువుల బలము కాదు, కాలపు నియమమే.

పరుగు, దెబ్బ, తప్పించుకొనుట తెలుపదలచినచో వాస్తవకాలపు ఆట తగినది. మంద కట్టుట, మేత తరుగుట, తరములు గడచుట వంటి నిదానమైన సంగతులను తెలుపదలచినచో వంతుల ఆట తగినది. రెండును కావలెనన్నచో పెద్ద నిర్ణయములకు వంతును, పోరాటమునకు వేగమును ఇయ్యవచ్చును. 2017లో వెలువడిన 'టోటల్ వార్: వార్‌హామర్ 2' అను ఆటలో రాక్షసిబల్లులనెక్కి పోరాడు సేన ఒకటి కలదు, అది రాజ్యపటము మీద వంతులతోను, యుద్ధభూమిలో వాస్తవకాలముతోను నడుచును. మన చెడుగుడు ఏనాడో ఈ కూర్పును చూపినది.

గూడబాతు చేపకు వంతు ఇయ్యదు. జాలరి ప్రక్కవానికి ఇచ్చును. ఇచ్చుట మనిషి కల్పన గనుక, ఎవరికి ఇయ్యవలెను, ఎంతసేపు ఇయ్యవలెను అను నియమమును ఆలోచించి వ్రాసికొనవలసిన బాధ్యతయు మనిషిదే.